అరచేయంత నేల

 

ఈ శీర్షికలో సాధారణంగా ఇంటి లోపలి విషయాలు రాస్తూ ఉంటాను. ఈ నెల ఇంటి బయట వాకిట్లో నిలిచి ఉండే వాహనం గురించి, అందులోనూ దాని నాలుగు టైర్ల గురించి రాయబోతున్నాను. మదరసాలో పాఠం చెప్పుకునే మనిషికి టైర్లతో ఏం పని అని కొందరికి అనిపించవచ్చు. గత వర్షాకాలం వరకు నాకూ అలాగే అనిపించేది.

ఆ రోజు నిర్మల్‌లో మా బంధువుల ఇంట వలీమా విందు. మెట్‌పల్లి నుంచి ఆర్మూరు, అక్కడి నుంచి సోన్ వద్ద గోదావరి వంతెన దాటి నిర్మల్. వెళ్లేటప్పుడు ఎండ కాసింది. తిరిగి వచ్చేటప్పుడు ఆర్మూరు దాటిన తరువాత వాన పట్టుకుంది. కారు నడుపుతున్నది మా పెద్దబ్బాయి. నేను ముందు సీట్లో ఉన్నాను. వెనుక నా భార్య, కోడలు, కోడలి ఒడిలో నాలుగు నెలల మనవడు. వేగం డెబ్బైకి కొంచెం పైన ఉందేమో. ఒక మలుపులో రోడ్డు మీద నీరు నిలిచి ఉంది. కారు ముందు భాగం మలుపు తిరిగింది గాని, వెనుక భాగం తిరగలేదు. అది తన దారిన తాను పక్కకు జారింది. అబ్బాయి స్టీరింగును అటూ ఇటూ తిప్పాడు, బ్రేకు నొక్కాడు. కారు ఎవరి మాటా వినలేదు. ఒక చుట్టు తిరిగి, కల్వర్టు గోడకు నాలుగు అడుగుల దూరంలో, ఎడమ చక్రాలు మట్టిలో దిగబడి ఆగింది. ఎదురుగా ఆ క్షణాన లారీ గాని, బస్సు గాని రాలేదు. అల్‌హందులిల్లాహ్, ఎవరికీ గీత కూడా పడలేదు. మనవడికైతే నిద్ర కూడా చెదరలేదు.

మరునాడు ఉదయం కారును టైర్ల దుకాణానికి తీసుకువెళ్లాము. అక్కడి పనివాడు వంగి ఒక్కో చక్రాన్నీ చేత్తో తడిమి చూశాడు. గాలి కొలిచాడు. తరువాత నా వైపు తిరిగి, “మౌలానా సాబ్, ముంగటి రెండు మంచిగనే ఉన్నయి. ఎనుకటి రెండు నున్నగ అరిగినయి. గాలి గూడ ముప్పై మూడు ఉండాల్సిన కాడ ఇరవై రెండే ఉన్నది. గిట్ల పెట్టుకొని వానల ఎట్ల తిరిగిండ్రు?” అన్నాడు.

నా వద్ద జవాబు లేదు. ఉన్న జవాబు చెప్పుకోవడానికి సిగ్గు వేసింది. ఏడాది క్రితం ముందు టైర్లు మార్పించినప్పుడే మా అబ్బాయి, “అబ్బా, వెనుకవి కూడా మార్పిద్దాం” అన్నాడు. “ఇన్షా అల్లాహ్, మరో ఆరు నెలలు గడుస్తాయిలే” అన్నాను. అదే నెలలో సీట్లకు కొత్త కవర్లు వేయించాను. వెనుక అద్దం మీద అందమైన అక్షరాలతో స్టిక్కరు అతికించాను. ప్రయాణపు దుఆ రాసి ఉన్న బిళ్లను ముందు అద్దానికి వేలాడదీశాను. ఇవన్నీ కంటికి కనిపించేవి. టైరు కింద ఉండేది. ఆలోచిస్తే, నేను ‘ఇన్షా అల్లాహ్’ అనే మాటను పని వాయిదా వేయడానికి వాడుకున్నాను. ఆ మాట నిర్ణయం చేసుకున్న తరువాత పలకవలసినది గాని, నిర్ణయం తప్పించుకోవడానికి పలకవలసినది కాదు. ఒంటెను కట్టి వేయాలా, వదిలేసి అల్లాహ్ మీద భారం వేయాలా అని అడిగిన వ్యక్తికి దైవప్రవక్త (సఅసం) ముందు కట్టమని, ఆపైన అల్లాహ్‌ను నమ్ముకోమని బోధించిన సంగతిని ఎన్ని ఏళ్లుగా పిల్లలకు చెబుతున్నానో లెక్క లేదు. నా ఒంటె మాత్రం విప్పి ఉంది.

అందుకే ఆ తరువాత ఈ విషయాన్ని ఒక పాఠంలా నేర్చుకున్నాను. నేర్చుకున్నది మీ ముందు పెడుతున్నాను.

మొదటి సంగతి. ఒక్కో టైరు నేలను తాకే చోటు సుమారు మన అరచేయంత. కారు ఎంత పెద్దదైనా, ఎంత ఖరీదైనదైనా రోడ్డును పట్టుకుని ఉండేది నాలుగు అరచేతుల వెడల్పు రబ్బరు మాత్రమే. బ్రేకు చక్రాన్ని ఆపుతుంది. కారును ఆపేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న పట్టు. ఏబీఎస్ ఉన్న కార్లలో చక్రం బిగుసుకుపోకుండా ఉంటుంది, దానివల్ల స్టీరింగు మన మాట వింటుంది. అయితే లేని పట్టును ఏబీఎస్ పుట్టించలేదు.

లెక్క చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు సెకనుకు సుమారు 17 మీటర్లు ముందుకు పోతుంది. మంచి టైరు, పొడి రోడ్డు ఉంటే బ్రేకు నొక్కిన తరువాత సుమారు 20 మీటర్లలో ఆగుతుంది. తడి రోడ్డు మీద పట్టు తగ్గినప్పుడు అదే కారుకు 35 మీటర్లు పట్టవచ్చు. వేగం 80 అయితే ఈ దూరాలు సుమారు 36, 63 మీటర్లు అవుతాయి. వేగం మూడింట ఒక వంతు పెరిగితే ఆగే దూరం ముప్పాతిక వంతు పెరుగుతున్నది. దీనికి తోడు, కన్ను చూసి కాలు బ్రేకు చేరేలోగా గడిచే సెకనులో మరో 17 నుంచి 22 మీటర్లు పోతాయి. రోడ్డు దాటుతున్న పసివాడికి ఈ మీటర్లలోనే ప్రాణం ఉంటుంది.

రెండవ సంగతి నీరు. టైరు మీద గాడులు అందం కోసం చెక్కినవి కావు. చక్రం కిందికి వచ్చే నీటిని పక్కలకు తోసివేయడానికే అవి ఉన్నాయి. గాడులు అరిగిపోయినా, వేగం ఎక్కువైనా, గాలి తక్కువైనా ఆ నీరు బయటికి పోలేక చక్రం ముందు మేకులా దూరుతుంది. అప్పుడు చక్రం రోడ్డును విడిచి నీటి పొర మీద తేలుతుంది. దీన్నే ఆక్వాప్లేనింగ్ అంటారు. 1963లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పరిశోధకులు విమాన చక్రాలను పరీక్షించి, చక్రం పూర్తిగా తేలిపోయే వేగానికీ టైరులోని గాలి ఒత్తిడికీ సంబంధం ఉన్నదని చూపారు. గాడులు తోసివేయలేనంత నీరు ఉన్నప్పుడు, వారి సూత్రం ప్రకారం 33 పీఎస్ఐ గాలి ఉన్న చక్రానికి ఆ వేగం సుమారు 95 కిలోమీటర్లు. 22 పీఎస్ఐకి సుమారు 78 కిలోమీటర్లు. ఇది విమాన చక్రాల మీద కట్టిన అంచనా. కారు టైరు విషయంలో కొంత తేడా ఉంటుంది. పైగా పట్టు ఒక్కసారిగా పోదు, ఆ వేగం రాకముందే సన్నగిల్లడం మొదలవుతుంది. మా కారు వెనుక చక్రాలలో 22 ఉన్నది, గాడులు లేవు, వేగం డెబ్బై దాటింది. ఈ లెక్క చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

మూడవ సంగతి నన్ను ఎక్కువ ఆశ్చర్యపరచింది. రెండు కొత్త టైర్లు మాత్రమే కొనగలిగితే వాటిని ఎక్కడ వేయాలి? ఇంజను ముందు ఉంది, స్టీరింగు ముందు ఉంది, కాబట్టి ముందు వేయాలని నేను అనుకున్నాను. చాలామంది అలాగే చేస్తారు. టైర్ల తయారీదారులు మాత్రం వెనుకే వేయమంటారు. కారణం ఇది: ముందు చక్రాలు జారితే కారు మలుపు తిరగకుండా నిటారుగా పోతుంది, యాక్సిలరేటరు నుంచి కాలు తీస్తే వేగం తగ్గి పట్టు తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది, నడిపేవాడికి కూడా స్టీరింగులో ఆ తేడా ముందే తెలుస్తుంది. వెనుక చక్రాలు జారితే హెచ్చరిక ఉండదు, కారు బొంగరంలా తిరుగుతుంది. ఆ సమయంలో దాన్ని సరిదిద్దడం మామూలు డ్రైవరు వల్ల అయ్యే పని కాదు. మాకు జరిగింది అదే. తప్పు మా అబ్బాయి చేతిలో లేదు, నా నిర్ణయంలో ఉంది. ఈ మాటను వాడికి ఆ రోజే చెప్పాను. నాలుగూ ఒకేసారి మార్చడం ఉత్తమం. రెండే మార్చగలిగితే కొత్తవి వెనుక వేసి, వెనుకవి బాగుంటే ముందుకు తేవాలి. బాగా లేకపోతే ఆ జత కూడా వచ్చే వరకు కారును వానలో తీయకూడదు.

ఇక మన ప్రాంతపు రోడ్లకు ఎటువంటి టైరు తగినదో చూద్దాం. మన కార్లకు కంపెనీ వారు వేసి ఇచ్చేవి ఎక్కువగా తారు రోడ్డు కోసం చేసినవి. వాటిని హైవే టైర్లు అంటారు. ఆర్మూరు, కోరుట్ల, జగిత్యాల వైపు తిరిగే కుటుంబానికి ఇవే చాలు. కొనేటప్పుడు తడి రోడ్డు మీద దాని పట్టు ఎలా ఉంటుందో అడగండి. వెడల్పైన లోతు గాడులు నాలుగు నిలువుగా ఉన్నవి, వాటి మధ్య సన్నని కోతలు ఉన్నవి నీటిని బాగా తోసివేస్తాయి. 2022లో కేంద్ర ప్రభుత్వం కొత్త టైర్ల విషయంలో తడి రోడ్డుపై పట్టుకు, దొర్లేటప్పుడు కలిగే నిరోధానికి, శబ్దానికి ప్రమాణాలు నిర్ణయించింది. ఐఎస్ఐ గుర్తు లేని టైరును తాకవద్దు. వెడల్పు టైరు వేస్తే పట్టు పెరుగుతుందని యువకులు మోజుపడుతుంటారు. పొడి రోడ్డు మీద కొంత నిజమే కావచ్చు గాని, నిలిచిన నీటి మీద వెడల్పు టైరు సన్నదానికంటే త్వరగా తేలుతుంది. కారు తయారీదారు చెప్పిన కొలతను దాటకండి.

రోజూ పొలాల దారుల్లో, నల్లరేగడి మట్టిలో తిరిగేవారి సంగతి వేరు. రేగడి తడిస్తే గాడుల్లో నిండి టైరును నున్నటి బంతిలా చేస్తుంది. అటువంటి వారికి గాడుల మధ్య ఎడం ఎక్కువ ఉండే ఆల్ టెరెయిన్ టైర్లు పనికి వస్తాయి. తిరిగేటప్పుడు ఆ ఎడంలోని మట్టి రాలిపోతుంది. పూర్తి బురద టైర్లు జీపుల వంటి వాహనాలకే తప్ప ఇంటి కారుకు తగవు. అవి తారు రోడ్డు మీద శబ్దం చేస్తాయి, తడి తారు మీద పట్టు తక్కువగా ఉంటుంది.

అయితే టైరు ఎంత మంచిదైనా కొన్ని చోట్ల వేగమే మందు. తొలకరి వాన పడిన మొదటి అరగంట అన్నిటికంటే జారుడు సమయం. వేసవి అంతా రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము, రబ్బరు పొడి ఆ నీటితో కలిసి సబ్బులా మారుతాయి. కోతల కాలంలో మన రోడ్ల మీద వడ్లు, మక్కలు ఆరబోస్తారు. గింజలు చక్రం కింద గోళీల వలె దొర్లుతాయి, వాటి మీద ఏ టైరూ నిలవదు. నాట్ల రోజుల్లో ట్రాక్టర్లు పొలం నుంచి మోసుకొచ్చిన బురద పొర తారు మీద పరుచుకుంటుంది. కుంటాల జలపాతం చూడటానికని వానల్లో ఆదిలాబాద్ వైపు వెళ్లే కుటుంబాలు మహబూబ్ ఘాట్ మలుపుల్లో దిగేటప్పుడు బ్రేకు మీద కాలు ఉంచి దిగకుండా, తక్కువ గేరులో దిగాలి. బ్రేకు మలుపుకు ముందు నొక్కాలి గాని, మలుపు మధ్యలో కాదు.

టైరు గోడ మీద ఉన్న అంకెలను చదవడం నేర్చుకుంటే దుకాణంలో ఎవరూ మనల్ని మోసం చేయలేరు. ఉదాహరణకు 165/80 ఆర్ 14 85 టీ అని ఉన్నదనుకోండి. 165 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 80 అంటే గోడ ఎత్తు వెడల్పులో 80 శాతం, అంటే 132 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్. 14 అంటే రిమ్ వ్యాసం అంగుళాలలో. 85 అనేది బరువు సంకేతం. ఒక్కో టైరు 515 కిలోలు మోయగలదని అర్థం. టీ అంటే గంటకు 190 కిలోమీటర్ల వేగాన్ని తట్టుకోగలదని. అంత వేగంతో వెళ్లమని దాని అర్థం కాదు. బరువు సంకేతం తక్కువ ఉన్న టైరును, చవక అని చెప్పి, ఎన్నడూ వేయించకండి. పెళ్లిళ్లకు అయిదుగురి కారులో ఎనిమిది మందిని ఎక్కించుకునే అలవాటు ఉన్న మనకు ఇది మరీ ముఖ్యం.

అదే గోడ మీద నాలుగు అంకెల తేదీ ఉంటుంది. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. కొనేటప్పుడు తప్పక చూడండి. ‘కొత్తది’ అని ఇచ్చినది ఏళ్ల తరబడి గోదాములో పడి ఉన్నది కావచ్చు. రబ్బరు వాడకపోయినా ముదురుతుంది, గట్టిపడుతుంది, పగుళ్లు తీస్తుంది. అయిదారేళ్లు దాటిన టైరును, గాడులు ఎంత ఉన్నా, నిపుణుడికి చూపించాలి. స్టెప్నీకి కూడా ఇదే వర్తిస్తుంది. దిక్కీలో దాచిన స్టెప్నీ పదేళ్లయినా కొత్తదే అనుకునేవారు మనలో చాలామంది.

గాడుల లోతుకూ ఒక గుర్తు ఉన్నది. గాడి అడుగున అక్కడక్కడ చిన్న దిమ్మెలు కనిపిస్తాయి. వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. పై రబ్బరు అరిగి ఆ దిమ్మెతో సమానమైతే ఆ టైరు కారుకు పనికిరాదు, చట్టం కూడా ఒప్పుకోదు. కొత్త కారు టైరులో గాడి సుమారు 7, 8 మిల్లీమీటర్ల లోతు ఉంటుంది. వానాకాలంలో తిరిగేవారు 3 మిల్లీమీటర్లకు వచ్చినప్పుడే మార్చడం మంచిది. అంచులు మాత్రమే అరిగితే గాలి తక్కువగా ఉంటున్నదని, మధ్యలో అరిగితే ఎక్కువగా ఉంటున్నదని, ఒక పక్కే అరిగితే అలైన్‌మెంట్ చెడిందని తెలుసుకోవాలి.

గాలి విషయంలో మన వద్ద ఒక పొరపాటు నమ్మకం ఉంది. వేసవిలో టైరు పేలుతుందని గాలి తగ్గించి పెట్టుకుంటారు. నిజానికి గాలి తక్కువైతేనే టైరు గోడ ఎక్కువగా వంగి, వేడెక్కి, చివరికి పేలుతుంది. డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీద చీటీ ఉంటుంది. అందులో రాసినంత గాలి, ఉదయం బండి కదలకముందు, చల్లగా ఉన్నప్పుడు పెట్టించాలి. నిండుగా మనుషులు, సామాను ఉన్నప్పుడు ఎంత ఉండాలో కూడా అందులోనే ఉంటుంది. దూరం నడిచాక వేడికి రెండు మూడు పాయింట్లు పెరగడం సహజం. దాన్ని చూసి తీసివేయకూడదు.

మన ఇళ్లలో సగానికి గల్ఫ్‌లో పనిచేసే కొడుకో, అల్లుడో ఉంటాడు. అక్కడ ఇసుకలో నడిపేటప్పుడు గాలి సగానికి తగ్గిస్తారని వారు చెబుతుంటారు. అది నిజమే, గాలి తగ్గితే టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుకలో కూరుకుపోదు. అయితే ఇసుక దాటిన వెంటనే, తారు రోడ్డు ఎక్కేముందు మళ్లీ నింపుకోవాలి. ఈ రెండవ భాగం మరచి ఊళ్లో ఆ పద్ధతి పాటిస్తే ప్రమాదమే. అమెరికాలో ఉన్న పిల్లలు మంచు టైర్ల మాట చెబుతారు. మామూలు రబ్బరు 7 డిగ్రీల చలి కంటే దిగువన గట్టిపడి పట్టు కోల్పోతుంది కనుక అక్కడ మెత్తటి రబ్బరుతో వేరే టైర్లు చేస్తారు. వాటి గోడ మీద మూడు శిఖరాల కొండ, మంచు రేకు గుర్తు ఉంటుంది. మన ఎండలకు అవి త్వరగా అరిగిపోతాయి. చవకగా దొరికినా ఇక్కడ కొనవద్దు. ప్రతి నేలకూ తగిన టైరు వేరు. అన్ని నేలలకూ సరిపడే టైరు లేదు.

చివరగా డబ్బు సంగతి. నాలుగు టైర్ల ఖర్చు నా వంటి వారికి చిన్నది కాదు. నెల జీతంలో ఇమడదు. అందుకే పాత టైర్ల వైపు చూపు పోతుంది. అరిగిన టైరుకు కత్తితో మళ్లీ గాడులు కోసి, నల్లరంగు పూసి అమ్మేవారు ఉన్నారు. గాడి లోతుగా కనిపిస్తుంది గాని, దాని అడుగున రక్షణగా ఉండవలసిన రబ్బరు మిగలదు. పైన పొడి ధాన్యం ఉంచి అడుగున తడి ధాన్యం దాచిన వర్తకుణ్ణి దైవప్రవక్త (సఅసం) ఎలా మందలించారో మనకు తెలుసు. రంగు పూసిన టైరు అమ్మడం అంతకంటే పెద్ద మోసం, ఎందుకంటే తడి ధాన్యం కొన్నవాడు సొమ్ము మాత్రమే నష్టపోతాడు. సోదరుల్లో ఎవరైనా ఈ వ్యాపారంలో ఉంటే ఈ మాటను నా నుంచి నసీహత్‌గా స్వీకరించగలరు. పాత కారు అమ్మేటప్పుడు టైర్ల వయసును కొనేవాడికి చెప్పడం కూడా మన బాధ్యతే.

1888లో గాలి నింపిన టైరుకు పేటెంటు పొందిన జాన్ బాయిడ్ డన్‌లప్ వృత్తిరీత్యా పశువైద్యుడు. బెల్‌ఫాస్ట్ నగరంలో తన చిన్న కొడుకు మూడు చక్రాల బండి కుదుపు లేకుండా నడవాలని ఆయన దాన్ని తయారు చేశాడు. ఒక తండ్రి బిడ్డ సౌఖ్యం కోసం చేసిన వస్తువును మరో తండ్రి అశ్రద్ధ చేసి బిడ్డల ప్రాణం మీదికి తెచ్చాడు. ఆ రెండవ తండ్రిని నేనే.

నేను అప్పు చేయలేదు. ఈద్‌కు కొత్త బట్టలు మానుకున్నాము, మా భార్య తాను కూడబెట్టిన దానిలోంచి కొంత ఇచ్చింది. “సీటు కవర్లు చూసి మురిసిపోయినప్పుడే అడుగుదామనుకున్నాను, చక్రాల సంగతి ఏమిటని” అని ఒక్క మాట మాత్రం అన్నది. నాలుగు టైర్లూ ఒకేసారి మారాయి. ఇప్పుడు ప్రతి నెల మొదటి జుమా రోజు, గుస్ల్‌కు ముందు, గాలి కొలిచే చిన్న పరికరం పట్టుకుని కారు చుట్టూ తిరుగుతాను. అయిదవ చక్రాన్ని కూడా తీసి చూస్తాను. మదరసా పిల్లలు దూరం నుంచి చూసి నవ్వుకుంటారు. నవ్వనివ్వండి.

ముందు అద్దానికి వేలాడే దుఆ బిళ్ల ఇప్పటికీ అక్కడే ఉంది. దాన్ని చదివే ముందు మా అబ్బాయి ఇప్పుడు ఒకసారి దిగి, నాలుగు చక్రాల వైపూ చూసి వస్తాడు.

మీరు కూడా ఈ పత్రిక మూసి పక్కన పెట్టి, వాకిట్లోకి వెళ్లి మీ బండి వెనుక చక్రాన్ని ఒకసారి చేత్తో తడిమి చూడండి. నున్నగా తగిలితే రేపటికి వాయిదా వేయకండి. అల్లాహ్ మీ ప్రయాణాలను, మీ వారిని క్షేమంగా ఉంచుగాక. ఆమీన్.